నేలలోకి దిగే రాతి గిన్నె

"మూడు గంటలకి," అన్నాడు లెఫ్టినెంట్ హోబర్ట్ క్రేన్, టై మీద పడిన గోధుమరంగు పొడిని వేలితో దులుపుకుంటూ. "సరిగ్గా మూడింటికి మీ చర్చి ఫాదర్‌ని జడ్జి ముందు నిలబెడుతున్నా. హత్యానేరం. ఈలోగా బొమ్మల పుస్తకాలు తిరగేసుకుంటానంటే మీ ఇష్టం, మిస్ ప్రూయిట్."

"కారవే," అంది లోయిస్ తలెత్తకుండా. "మిసెస్ కారవే. ఆరు వారాలయింది."

"ఆ పెళ్లి చేసింది కూడా ఆ ఫాదరే కదా! మర్చిపోయాననుకున్నారా?"

మర్చిపోడని ఆమెకి తెలుసు. రాష్ట్ర పోలీసు తరఫున ఆమె ఈ కేసులోకి రాకూడదని పైకి రెండు ఉత్తరాలు రాసింది అతనే. మూడో ఉత్తరం రాయకపోవడానికి ఒకటే కారణం. సాయంత్రానికి కేసు ఎలాగూ ముగిసిపోతుందని అతని ధీమా.

వాళ్లున్నది సెయింట్ ఆల్డెమ్ చర్చి వస్త్రాల గది. బలిపీఠం మీద పరిచే గుడ్డలు, పాత్రలు, కొవ్వొత్తులు ఉంచే చోటు. ఒక ఇస్త్రీబల్ల, కిటికీ కింద కడుగుతొట్టి, ఎదురుగోడకి ఆనించిన పొడవాటి గుడ్డల బీరువా. ఇస్త్రీబల్ల మీద పదకొండు స్క్రాప్‌బుక్‌లు. పింకార్డ్ కుటుంబం నాలుగు తరాలుగా అతికించుకుంటూ వచ్చిన చర్చి జీవితమంతా వాటిలో ఉంది. ఆదివారం చర్చి పండగకి వాటిని ప్రదర్శనకి పెట్టాలని సర్దుతున్న మిస్ కోర్డీలియా పింకార్డ్ మంగళవారం చనిపోయింది. ఇవాళ శుక్రవారం. గడియారం ఒంటిగంటా ముప్ఫై అయిదు చూపిస్తోంది.

"మళ్లీ మొదట్నించీ చెప్పండి," అంది లోయిస్.

"ఎన్నిసార్లు చెప్పినా అదే కథ." క్రేన్ వేళ్లు మడిచాడు. "మంగళవారం పది నలభైకి ఫాదర్ ఆంబ్లర్ ఈ గదిలోంచి చిన్న తోలుపెట్టె తీసుకుని బయల్దేరాడు. చర్చికి రాలేని వాళ్లకి ఇంటి దగ్గర ప్రభు సంస్కారం ఇచ్చే పెట్టె. అందులో దీవించిన రొట్టెబిళ్లలు, బుల్లి సీసాలో ద్రాక్షారసం. పదకొండింటికి మిస్ పింకార్డ్ ఇల్లు. ఆవిడ తాగింది, ఆయన తాగలేదు. పన్నెండూ పదికి పెట్టె తెచ్చి ఈ అరలో పెట్టాడు. పన్నెండున్నరకి పక్కూళ్లో ఎవరినో పాతిపెట్టడానికి వెళ్లాడు. ఒంటిగంటా పావుకి మేనకోడలి కూతురు వచ్చి చూస్తే ఆవిడ కుర్చీలో తల వాల్చేసి ఉంది. కడుపులో బోలెడు గుండెజబ్బు మందు. ఆవిడకి గుండెజబ్బే లేదు."

"ఫాదర్ ఏడేళ్లుగా మద్యం ముట్టడు. రొట్టె ఒక్కటే తీసుకుంటాడు."

"అదే నేనూ అంటున్నది. ఆ సీసాతో తనకి ప్రమాదం లేదని తెలిసిన మనిషి ఆయనే."

"ఆయన తాగడని ఊరంతటికీ తెలుసు, లెఫ్టినెంట్."

క్రేన్ విననట్టే సాగించాడు. "ఆవిడ ఆయన్ని ఊరినుంచి బదిలీ చెయ్యమని బిషప్‌కి రాసింది. కారణం దొరికిందా? ఇక సీసా. నేను రెండూ పదికి వచ్చేసరికి కడిగి బోర్లించి ఉంది. సగం సీసా మిగిలింది, కడగకుండా వదిలేసి వెళ్లా అంటాడు ఫాదర్. తను రెండింటికి పావు తక్కువకి వచ్చేసరికే కడిగి ఉందంటుంది మిసెస్ థోర్న్. ముప్ఫై ఒక్కేళ్లుగా ఈ గది చూసుకుంటున్న ఆవిడ మాట నమ్మాలా, ఒకప్పటి తాగుబోతు మాటా? ఈ తొట్టి కింది గొట్టం కూడా విప్పించా. ద్రాక్షారసం వాసనైనా లేదు. దారిలోనే ఎక్కడో పారబోశాడు."

"సీసా నింపింది మిసెస్ థోర్న్."

"దాచిందా? తనే చెప్పింది. నింపాక గంటసేపు పెట్టె ఫాదర్ గదిలోనే ఉంది. ఆవిడ మనసు వెన్న. ఇవాళ జైల్లో ఆయనకి తినమని అల్లం బిస్కట్లు చేసి పంపింది. పన్నెండున్నరకి నేనే అందజేసి వచ్చా. నేనేం రాక్షసుణ్ణి కాను." అతను కళ్లు నులుముకున్నాడు. "ఈ గదిలో దీపాలు మార్పించండి. అంతా పసుపుపచ్చగా ఏడుస్తోంది."

అతను ఫోన్ చేసుకోవడానికి బయటికి వెళ్లాక లోయిస్ పైకి చూసింది. దీపాలు వెలగడం లేదు. కిటికీలోంచి అక్టోబరు ఎండ తెల్లగా పడుతోంది. నిద్రలేదేమో పాపం అనుకుని పుస్తకాల మీదికి తిరిగింది.

కోటు జేబులో కాగితప్పొట్లం తగిలింది. గుడ్డు శాండ్‌విచ్. మీద భర్త టాబ్ చేతిరాత: 'పచ్చసొన గట్టిగానే ఉడికించా. నువ్వే గెలిచావు.' పెళ్లయిన రెండోరోజు నుంచీ సాగుతున్న యుద్ధం అది. ఇంతటి చావు కేసు మధ్యలో కూడా ఆమె పెదవులు విచ్చుకున్నాయి. కొత్త ఉంగరం ఇంకా కాస్త వదులు. పేజీ తిప్పినప్పుడల్లా వేలి మీద జారుతోంది. ఆ ఉంగరాన్ని దీవించిన చేతులకే ఇప్పుడు బేడీలు.

పుస్తకాలు బరువుగా, పాతవాసనతో ఉన్నాయి. పద్దెనిమిది వందల ఎనభై ఏడు నాటి బాప్తిస్మపు కార్డు. ఎండి గడ్డిరంగుకి తిరిగిన మట్టల సిలువలు. ఎవరో పిల్ల రంగుపెన్సిళ్లతో గీసిన గొర్రెపిల్ల, దానికి అయిదు కాళ్లు. స్ట్రాబెర్రీల విందుకి ఎవరెవరు క్రీమ్ తేవాలో రాసుకున్న జాబితా. నల్ల కాగితాల మీద తెల్లసిరాతో నాలుగు తరాల ఆడవాళ్లు రాసుకున్న వివరాలు. ఇంత ముద్దుగా దాచుకున్న పుస్తకాల్లో, తొమ్మిదోదాంట్లో, ఒక పేజీ మధ్య నాలుగు కాగితపు మూలలు మాత్రం మిగిలాయి. ఫొటో లేదు.

పక్కన పాత వార్తాపత్రిక ముక్క ఉంది. పంతొమ్మిది వందల యాభై రెండు, మార్చి. చర్చి వెండి కూజా దొంగతనం. తాళాలుండే నల్లజాతి కాపలాదారు ఎజ్రా బెల్‌కి అయిదేళ్ల శిక్ష. దాని కింద మిస్ పింకార్డ్ చేతిరాత: 'మూడో చలికాలం జైల్లోనే పోయాడు. కూజా దొరకలేదు.'

మిస్ పింకార్డ్ బల్ల సొరుగులో దొరికిన చీటీల జాబితాని లోయిస్ తీసింది. ప్రదర్శనలో ఒక్కో ఫొటో కింద పెట్టాల్సిన మాటలు అందులో ఉన్నాయి. తొమ్మిదో పుస్తకం, ఇరవై ఆరో పేజీ: 'అగస్టా పెళ్లివిందు, జూన్ 1952. గోడవారన బల్ల మీద ఏముందో భూతద్దంతో చూడండి.'

అగస్టా అంటే అగస్టా థోర్న్. మార్చిలో పోయిన కూజా జూన్‌లో ఎవరి ఇంట్లో మెరిసిందో చెప్పడానికి ఆ ముసలామె ఆదివారం దాకా బతకాల్సింది.

కారణం దొరికింది. కానీ కారణం చూపించి ఫాదర్‌ని విడిపించలేరు. ఆ మిగిలిన సగం సీసా ఎటు పోయింది?

ఆరో పుస్తకంలో ఇదే గది ఫొటో కనిపించింది. పంతొమ్మిది వందల ముప్ఫై ఒకటి. మిస్ పింకార్డ్ అమ్మమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. గోడలోకి తొలిచిన చిన్న రాతి గిన్నె మీద ఆవిడ చెయ్యి. కింద తెల్లసిరా: 'దీవించినది మురుగుకి కాదు, భూమికి. ఇక్కడ పోస్తే సూటిగా నేలలోకి దిగుతుంది.' ఫొటోలో కిటికీ, తలుపు ఎక్కడున్నాయో చూసుకుని లోయిస్ తలతిప్పింది. ఆ గిన్నె ఉండాల్సిన చోట ఇప్పుడు గుడ్డల బీరువా ఉంది.

అప్పుడే మిసెస్ అగస్టా థోర్న్ తెల్లగుడ్డల దొంతరతో లోపలికి వచ్చింది. డెబ్భై దాటినా నిటారుగా నడుస్తుంది. లోయిస్‌కి పన్నెండేళ్లప్పుడు మతపాఠాలు వల్లె వేయించింది ఈవిడే. తప్పు చెబితే వేళ్ల మీద పెన్సిల్‌తో కొట్టేది.

"ఆ పుస్తకాలు తీస్తావా అమ్మాయ్? ఇస్త్రీ చేసుకోవాలి. ఆదివారం పండగ."

"రెండే నిమిషాలు, మిసెస్ థోర్న్. మంగళవారం చర్చికి ఎన్నింటికి వచ్చారు?"

"చిలక్కి చెప్పినట్టు చెప్పా కదా! తొమ్మిదిన్నరకి వచ్చి సీసా నింపా. మళ్లీ రెండింటికి పావు తక్కువకి వచ్చా. మధ్యలో ఇంట్లోనే ఉన్నా."

"వచ్చేసరికి సీసా ఎలా ఉంది?"

"కడిగి, తువ్వాలు మీద బోర్లించి."

"పాత్ర తుడిచే గుడ్డ?"

"ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి."

"ఎలా మడిచి?"

"ఎలా ఏమిటి? నిలువున మూడు, అడ్డంగా మూడు, సిలువ గుర్తు పైకి. నీకు నేర్పలేదూ?"

"నేర్పారు. ఇప్పటికీ నాకు కుదరదు. మెడపట్టీ తిరగేసి పెట్టుకుని ప్రసంగానికి వచ్చే ఫాదర్ ఆంబ్లర్‌కి కుదిరిందా? అదీ ఇరవై నిమిషాల్లో, ఇస్త్రీతో సహా?"

ఇస్త్రీపెట్టె వైపు వెళ్తున్న చెయ్యి క్షణం ఆగింది. "ప్రాణభయం ఉంటే మనిషికి అన్నీ కుదురుతాయి."

"సరే. ఈ ఫొటోలో గిన్నె చూడండి."

మిసెస్ థోర్న్ కళ్లద్దాలు సర్దుకోలేదు. వంగి చూడనూ లేదు. "అదా! అరవై ఎనిమిదిలో గది బాగుచేసినప్పుడే సిమెంటు పోసి మూసేశారు. ఇప్పుడక్కడ ఏమీ లేదు."

"మరి మిగిలిన ద్రాక్షారసం ఏం చేస్తారు?"

"బయట పొదల మొదట్లో నేలమీద పోస్తాం. ఫాదర్ అయినా అంతే, నేనైనా అంతే." ఆవిడ దొంతర బల్లమీద పెట్టింది. "పూలకూజాలు తెచ్చుకోవాలి. నేనొచ్చేసరికి ఆ చెత్తంతా తీసెయ్."

నాలుగు తరాల జ్ఞాపకాలని ఆవిడ చెత్త అంది.

తలుపు మూసుకోగానే లోయిస్ బీరువా ముందు మోకాళ్లమీద కూర్చుంది. గడియారం రెండున్నర. నేలబల్లల మీద, బీరువా కాళ్ల పక్కన, రెండు నున్నటి చారలు. గోటితో గీకింది. తేనెమైనం. కొవ్వొత్తి ముక్కలతో రుద్దిన మైనం, పొర మీద పొర, అడుగున నల్లబడింది, పైన తాజాగా ఉంది. ఇది మూడురోజుల పని కాదు, ఏళ్ల తరబడి చేస్తున్న పని. బీరువా అంచు మీద చెయ్యి వేసి తోసింది. అంత పెద్ద బీరువా పిల్లల ఉయ్యాలలా చప్పుడు లేకుండా పక్కకి జరిగింది.

గోడలో రాతి గిన్నె. సిమెంటు లేదు. మధ్యలో రంధ్రం, దాని అంచున ముదురెరుపు మరక, దాని మీద మూడు చచ్చిన ఈగలు. లోయిస్ వంగి వాసన చూసింది. తీపి, పులుపు.

ఆమె తొడుగులు వేసుకుని, దూదిపుల్లతో మరకని రెండుసార్లు అద్ది గాజుగొట్టంలో వేసింది.

"గోడలు తవ్వుతున్నారా?" క్రేన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నుదుటి మీద చెమట.

ఆమె చెప్పింది. అతను విన్నాడు, గోడకి ఆనుకుని.

"అయితే? ఫాదరే అందులో పోశాడు."

"ఫాదర్ ఈ ఊరొచ్చి నాలుగేళ్లు. ఈ బీరువా కాళ్ల దగ్గర మైనం అంతకంటే ఎన్నో ఏళ్ల పాతది."

"అయితే ఆవిడకి అలవాటు. మరక ఏ ఆదివారం నాటిదో ఏమిటో."

"అదేదో పరీక్షలో తేలుతుంది. అలవాటే అయితే సిమెంటు పోశారని నాతో అబద్ధం ఎందుకు చెప్పింది? ఇప్పుడు మీ గడియారంతోనే లెక్క చూడండి, లెఫ్టినెంట్. పన్నెండున్నరకి ఫాదర్ వెళ్లాడు. ఆవిడ వచ్చింది. సగం సీసా ఉంది. పారబొయ్యాలి. ఆరోజు బయట పొదల దగ్గర ఆరుగురు ఆడవాళ్లు ప్రదర్శనకి గుడారం కడుతున్నారు. కిటికీలోంచే కనబడతారు. వాళ్లముందు పొయ్యలేదు. మిగిలింది ఈ కడుగుతొట్టి. మీరైనా, వేరే ఎవరైనా అందులో ఒంపేసి కుళాయి తిప్పేవాళ్లు. గొట్టం నిండా నీళ్లు వదిలితే మందూ లేదు, సాక్ష్యమూ లేదు. ఆవిడ మాత్రం మనిషిని చంపగలిగింది గానీ, దీవించిన ద్రాక్షారసాన్ని గిన్నెలు కడిగే తొట్టిలో పొయ్యలేకపోయింది. నేలలోకి పంపింది. నేల ఎక్కడికీ పోదు. ఈ గోడ కింద తవ్వితే చాలు."

"కథ బాగుంది. జడ్జి నవ్వుతాడు." అతను పొట్ట పట్టుకున్నాడు. "నిన్న తిన్న ఆల్చిప్పలు పడినట్టు లేవు. మీ గోడ మీరు తవ్వుకోండి, మిస్ ప్రూయిట్. నేను కోర్టుకి పోతున్నా."

"అయిదు నిమిషాలు ఉండండి. ఆవిడ వస్తోంది."

క్రేన్ గొణుక్కుంటూ తలుపు వెనక కుర్చీలో కూలబడ్డాడు. లోయిస్ బీరువాని వెనక్కి జరిపేసింది. అరలోంచి చిన్న గాజుసీసా తీసి, మూలనున్న పెద్ద సీసాలోంచి ద్రాక్షారసం ఒంపింది. మిసెస్ థోర్న్ రెండు కూజాలతో లోపలికి అడుగుపెట్టేసరికి ఆమె కడుగుతొట్టి ముందు నిలబడి ఉంది. గడియారం రెండూ నలభై మూడు.

"ఏం చేస్తున్నావ్?"

"పరీక్ష. గొట్టంలో ద్రాక్షారసం ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. ఆదివారం దీవించి దాచినది కాస్త మిగిలితే తీసుకున్నా." లోయిస్ సీసా వంచింది. ఎర్రటి చుక్క మూతి దగ్గర నిలబడింది.

"అక్కడ కాదు!"

కూజా నేలమీద పడి భళ్లుమంది. మిసెస్ థోర్న్ రెండంగల్లో వచ్చి లోయిస్ మణికట్టు పట్టుకుంది. ఆ ముసలి వేళ్లలో అంత బలం ఉందని ఎవరూ అనుకోరు. "తెలివుందా నీకు? ఇది నేర్పానా నేను? ఇటివ్వు, నేను బీరువా వెనక..."

మాట అక్కడే ఆగిపోయింది.



"బీరువా వెనక ఏముంది, మిసెస్ థోర్న్?" అంది లోయిస్ మెల్లగా. "సిమెంటేగా? ఇది మూలనున్న మామూలు సీసాలోది. ఎవరూ దీవించలేదు. పొయ్యమంటారా?"

ఆవిడ చెయ్యి వదిలేసింది. ఆప్రాన్ సరిచేసుకుని స్టూలు మీద కూర్చుంది, ప్రార్థనకి కూర్చున్నట్టే.

"మా నాన్న తీసుకొచ్చాడు చర్చి వెండి కూజాని. విందులో గొప్ప కోసం. మర్నాడు నదిలో పడేశాడు. నేను పెళ్లిబట్టల్లో ఉన్నా, లోయిస్. ఏం మాట్లాడమంటావు?"

"ఎజ్రా బెల్ మూడేళ్లు బతికున్నాడు జైల్లో. ఆ మూడేళ్లలో ఒక్కరోజైనా మాట్లాడాల్సింది."

"కోర్డీలియాని బతిమాలా. ఆ ఒక్క ఫొటో తీసెయ్యమని. చర్చి పుస్తకాల్లోంచి ఏదీ తియ్యం అంది." ఆవిడ గొంతులో పశ్చాత్తాపం లేదు, అలసట ఉంది. "సంస్కారం పుచ్చుకుని పోయింది. అంతకంటే మంచి చావు ఎవరికి వస్తుంది?"

లోయిస్ సీసాని బల్ల మీద పెట్టేసింది. "మరి ఫాదర్? ఆయన్ని ఉరికి పంపి, ఆదివారం ఆయన బలిపీఠం మీద గుడ్డ పరిచేదానివా?" తను 'మీరు' అనడం మానేసిందని ఆమెకి ఆ తర్వాత గానీ తట్టలేదు.

"ఉరి దాకా ఎందుకు?" మిసెస్ థోర్న్ గడియారం వైపు చూసింది. "ఇవాళ శుక్రవారం. మూడింటిదాకా ఆయన ఉపవాసం. మూడు కొట్టగానే ఏదో ఒకటి నోట్లో వేసుకుంటాడు. పాపం మొయ్యలేక ప్రాణం తీసుకున్నాడని అందరూ అనుకుంటారు. కేసు మూసేస్తారు. ఎవరూ పుస్తకాలు తెరవరు."

అల్లం బిస్కట్లు.

లోయిస్ గోడ ఫోన్ మీదికి దూకింది. రెండూ యాభై ఒకటి. జైలు నంబరు తిప్పింది. ఎవరో మాట్లాడుతున్న సంకేతం. మళ్లీ తిప్పింది. మళ్లీ అదే. మూడోసారి వేలు జారి తప్పు అంకె పడింది. నాలుగోసారి గంట మోగింది. ఆరుసార్లు మోగాక గార్డు ఎత్తాడు.

"డిటెక్టివ్ కారవే. ఫాదర్ ఆంబ్లర్ ఏం చేస్తున్నాడు?"

"మోకాళ్ల మీద ఉన్నాడు మేడమ్. ప్రార్థన. కోర్టు బండి కోసం చూస్తున్నాం."

"బిస్కట్ల డబ్బా ఎక్కడుంది?"

"మంచం మీదే."

"పరిగెత్తు. లాక్కో. ఒక్క ముక్క కూడా ఆయన నోటికి వెళ్లకూడదు. పరిగెత్తు!"

రిసీవర్ బల్లకి కొట్టుకున్న చప్పుడు. బూట్ల చప్పుడు. ఇనుప తలుపు. లోయిస్ ఉంగరాన్ని బొటనవేలితో తిప్పుతూ ఉండిపోయింది. రెండూ యాభై ఆరు. రెండూ యాభై ఏడు.

"తీసుకున్నా మేడమ్," గార్డు రొప్పుతున్నాడు. "ఏమీ తినలేదంటున్నాడు. పొద్దున్నుంచీ మంచినీళ్లే."

ఆమె ఊపిరి వదిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "డబ్బాలో ఎన్ని ఉన్నాయి? లెక్కపెట్టు."

"పది మేడమ్."

ఆమె ఆ అంకెని పైకి అంది. మిసెస్ థోర్న్ తలెత్తింది. మొదటిసారిగా ఆ మొహంలో ఏదో కదిలింది.

"పన్నెండు పెట్టాను," అంది.

"ఫాదర్ ఒక్కటీ తినలేదా? సరిగ్గా అడిగావా?" లోయిస్ ఫోన్లో అరిచింది.

"ఒట్టేసి చెబుతున్నాడు మేడమ్..."

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. లెఫ్టినెంట్ క్రేన్ ఇస్త్రీబల్ల అంచు పట్టుకుని, తెరిచి ఉన్న స్క్రాప్‌బుక్ మీదికి నెమ్మదిగా ఒరిగిపోతున్నాడు. మొహం కొవ్వొత్తిలా పాలిపోయింది. కిటికీలోంచి వచ్చే తెల్లటి ఎండకి, అదేదో పసుపుపచ్చని మంటైనట్టు, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మిసెస్ కారవే," అన్నాడు. ఆ పేరు అతని నోట రావడం అదే మొదటిసారి. "రెండు నేను తిన్నాను."